ఇడ్లీ తిన్నవాడల్లా ఆటగాడే

మా లీగులో వేతన పరిమితి పెట్టారని తెలిసిన రోజున మేం జిలేబీలు పంచుకున్నాం. ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గుగానే ఉంది. కానీ ఆ రోజున మా స్థానంలో ఎవరున్నా పంచుకునేవారే.

మాది జూట్ మిల్లు కార్మికుల ఫుట్‌బాల్ క్లబ్బు. నేను దానికి కార్యదర్శిని, మిల్లులో టైమ్‌కీపర్ని. మా ఆటగాళ్లు పద్దెనిమిది మంది. మనిషికి మ్యాచ్‌కి నూట యాభై రూపాయలు, ప్రాక్టీసయ్యాక నాలుగిడ్లీలు. ఇంతే మా వైభవం. మాకు ప్రత్యర్థి ఉప్పుటేరు క్లబ్బు. దాని యజమాని సత్తిరాజుకి రొయ్యల చెరువులున్నాయి. ఎవడు బాగా ఆడితే వాడి ఇంటి ముందు రాత్రికి రాత్రే మోటార్ సైకిల్ మొలిచేది, తెల్లారేసరికి వాడు ఉప్పుటేరు ఆటగాడైపోయేవాడు.

అలాంటి రోజుల్లో మా లీగు పెద్దలెవరో పేపర్లో చదివారు, విదేశాల్లో క్లబ్బుల జీతాలకి పరిమితి ఉంటుందని. అంతే, పూనకం వచ్చింది. క్లబ్బుకి సీజనుకి రెండు లక్షలు, పైసా దాటకూడదు అన్నారు. మా జీతాలు మొత్తం కలిపితే యాభై నాలుగు వేలు. సత్తిరాజు పని అయిపోయిందనుకున్నాం. జిలేబీలు అందుకే.

పరిమితి అమలు చేయడానికి ఒక సంఘం వేశారు. దానికి అధ్యక్షులు భానోజీరావు గారు. ట్రెజరీలో ముప్పై ఆరేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. ఆయన పాస్ చేయని బిల్లుల్ని వరసగా పేరిస్తే మా ఊరి నుంచి జిల్లా కేంద్రం దాకా వస్తాయని ప్రతీతి. లంచం ముట్టలేదు, సెలవు పెట్టలేదు, ఫుట్‌బాల్ చూడలేదు. మొదటి వారంలోనే మూడు సర్క్యులర్లు పంపారు. వాటిలో రెండోది బంతి మీద లీగు ముద్ర, క్రమసంఖ్య ఉండవలెనని. బాగానే ఉందనుకున్నాం.

ఇక్కడ మా ఊరి జబ్బు ఒకటి చెప్పాలి. మాకు సన్మానం చేయకపోతే తోచదు. పదవిలో ఉన్న మనిషి గేటు దాటి లోపలికి వస్తే చాలు, శాలువా, గజమాల, జ్ఞాపిక, పళ్ల బుట్ట, సన్మానపత్రం. కరెంటు మీటరు రీడింగు కోసం వచ్చిన మనిషికి కూడా ఒకసారి కప్పేశాం. ఆయన ఏడ్చాడు పాపం. మా సెంటర్ ఫార్వర్డ్ బూటు బొటనవేలి దగ్గర నోరు తెరిచి రెండేళ్లయింది, దానికి డబ్బుండదు. శాలువాకి మాత్రం చందాలు వేసుకుంటాం. ఇది తప్పని ఎవరికీ తోచలేదు. నాకు అసలే తోచలేదు, సన్మానపత్రాలు రాసేది నేనే కాబట్టి.

భానోజీరావు గారు మొదటిసారి తనిఖీకి వచ్చినప్పుడు శాలువా కప్పించుకుని, 'నియమ పారావార, నిష్కళంక, నిరుపమాన' అని నేను రాసిన పత్రం చదివించుకుని, కూర్చుని, కళ్లజోడు తుడుచుకుని, గ్రౌండు గోడ పక్కన ఇడ్లీ పాత్ర దించుతున్న నరసమ్మ వైపు చూశారు.

"అది ఏమి?"

"ఇడ్లీలండి. ప్రాక్టీసయ్యాక కుర్రాళ్లకి పెడతాం," అన్నాను గర్వంగా.

"ఉచితముగనా?"

"ఆటగాళ్ల దగ్గర డబ్బు తీసుకుంటామాండీ!"

ఆయన నోట్‌బుక్ తీశారు. నాలుగో సర్క్యులర్ మర్నాడే వచ్చింది. "ఆటగాడు క్లబ్బు మూలముగా వస్తురూపేణా, సేవారూపేణా, భావరూపేణా పొందు సమస్త ప్రయోజనమూ వేతనముగా పరిగణింపబడును." ఇడ్లీ ఆరు రూపాయలు, రోజుకి డెబ్బయి రెండు ఇడ్లీలు, సీజనుకి నూట యాభై రోజులు. అరవై నాలుగు వేల ఎనిమిది వందల రూపాయలు మా జీతాల పద్దులో చేరిపోయాయి. క్లబ్బు ఏ మనిషి మీద ఏ ఖర్చు పెట్టినా అది ప్రయోజనమేనన్నారు. అందుచేత మా ఖర్చుల పుస్తకం చివర్న 'ఇతరములు' అని నేను రాసుకునే పద్దుని కూడా, అదేమిటని అడక్కుండానే, లాగి అందులో కలిపేశారు.

"ఇడ్లీ తింటే జీతవా? అయితే మా ఇంటాయన పాతికేళ్ల పని నాకు బాకీ ఉన్నాడు," అంది నరసమ్మ.

ఆవిడ అలా అంటూ అలవాటు కొద్దీ పాత్రలోంచి రెండిడ్లీలు తీసి నోట్లో వేసుకుంది. అవి క్లబ్బు కొన్న ఇడ్లీలు. సర్క్యులర్ స్వయంగా ఇవ్వడానికి వచ్చిన భానోజీరావు గారు చూశారు. తొమ్మిదో సర్క్యులర్: "క్లబ్బు నుండి ఏ రూపేణా ప్రయోజనము పొందు ప్రతి వ్యక్తియు, వయోలింగ భేదము లేక, ఆటగాడుగనే నమోదు కావలెను." ఆటగాళ్లని వంటవాళ్లనీ డ్రైవర్లనీ పేరుపెట్టి దాచేస్తారేమోనని ముందుజాగ్రత్తట. నరసమ్మ మా పంతొమ్మిదో ఆటగాడైంది. ఫొటో దిగింది, జెర్సీ తొడుక్కుంది. మర్నాటి నుంచి అది వేసుకునే ఇడ్లీలు పెట్టేది. ఏ పొజిషన్ అని ఫారంలో అడిగితే "కుంపటి దగ్గర" అని రాయించింది.

ఈ లోపల ఉప్పుటేరు క్లబ్బు జీతాల పద్దు కూడా తేలింది. సున్నా. వాళ్ల ఆటగాళ్లందరూ కాగితాల మీద రొయ్యల చెరువుల కాపలాదార్లు. జీతం చెరువిస్తుంది, మోటార్ సైకిల్ చెరువిస్తుంది, క్లబ్బు ఏమీ ఇవ్వదు. మంచినీళ్లు కూడా ఇంటి దగ్గర తాగి వస్తారు. భానోజీరావు గారు ఆ లెక్క చూసి "ఆదర్శప్రాయము" అని ఎర్ర సిరాతో రాశారు. నాకు ఒళ్లు మండిపోయింది. పైకి మాత్రం ఆయన రెండోసారి వచ్చినప్పుడు కూడా శాలువా కప్పాను.

తర్వాత సేవారూపం వచ్చింది. మా సెంటర్ ఫార్వర్డ్ పైడిరాజు మిల్లులో నూలు విభాగంలో పనిచేస్తాడు. షిఫ్టు దిగి గ్రౌండుకి నా స్కూటర్ మీదే వచ్చేవాడు. వెనక సీటుకి కిలోమీటరుకి నాలుగు రూపాయలు కట్టారు. దాంతో నేను స్కూటర్ మీద నెమ్మదిగా వెళ్లడం, వాడు పక్కన పరిగెత్తుకుంటూ రావడం మొదలైంది. నాలుగు రోజులయ్యాక అది శిక్షణ కిందికి వస్తుందని, శిక్షణ సేవ అని నోటీసు వచ్చింది. అప్పుడు వాడు ముందు పరిగెత్తడం, నేను వెనక వెళ్లడం చేశాం. అది భద్రతా సేవట. చివరికి వాడొక దారినా నేనొక దారినా వెళ్లాం. ఇద్దరం ఒకరికొకరం తెలియనట్టు గేటు దగ్గర కలుసుకుని నమస్కారం పెట్టుకునేవాళ్లం.

పైడిరాజు గురించి చెప్పాలి. వాళ్ల నాన్న ఈ గ్రౌండులోనే లెఫ్ట్ బ్యాక్ ఆడాడు. వీడికి సత్తిరాజు రెండుసార్లు మోటార్ సైకిల్ పంపాడు. వీడు రెండుసార్లూ దాన్ని తోసుకుంటూ తీసుకెళ్లి ఉప్పుటేరులో అప్పగించి నడిచి వచ్చాడు. "నానెక్కడికీ ఎల్నండి. మన గోడ మీద మా నాన్న బంతి మచ్చ ఉంది," అనేవాడు. నిజంగానే ఉంది. సున్నం వేసేటప్పుడు ఆ మచ్చ వదిలేసి వేస్తాం. వాడు మాకు ఉన్నాడంటే లీగులో మేమున్నట్టు. వాడు పోతే మిగిలేది నరసమ్మే.

భావరూపం అన్నిటికన్నా చివర్న వచ్చింది.

పైడిరాజు గోల్ కొడితే జనం చప్పట్లు కొడతారు కదా. ఆ చప్పట్లు విని ఆటగాడు ఆనందిస్తాడు కదా. ఆ ఆనందం క్లబ్బు మూలంగా వచ్చిందే కదా. చప్పట్లకి రేటు కట్టారు. భానోజీరావు గారు మ్యాచ్‌కి వచ్చి, గ్రౌండుకి వీపు పెట్టి, జనం వైపు తిరిగి కూర్చుని చేతులు లెక్కపెట్టేవారు. ప్రతి ఆదివారం మైకులో బతిమాలుకునేవాణ్ణి: "దయచేసి చేతులు జేబుల్లో పెట్టుకోండి. జేబుల్లేని వారు చేతుల మీద కూర్చోండి." రెండు వేల మంది చేతుల మీద కూర్చుని ఆట చూశారు.

నాకు ఒక ఆలోచన వచ్చింది. జీవితంలో నాకు వచ్చినవి తక్కువే, కానీ ఇది వచ్చింది. సంఘానికి అర్జీ పెట్టాను. అయ్యా, పొగిడితే వేతనం పెరిగినప్పుడు తిడితే తగ్గవలెను కదా? భానోజీరావు గారు వారం రోజులు ఆలోచించారు. న్యాయమైన మనిషి, ఒప్పుకున్నారు. తిట్టుకి రూపాయిన్నర తగ్గింపు.

ఆ తర్వాతి ఆదివారం పైడిరాజు ముగ్గుర్ని దాటుకుని గోల్ కొట్టాడు. మా జనం లేచి నిలబడి, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా, తిట్టారు. అమ్మో ఏం తిట్లవి! తాతలు ఎన్నడో మానేసిన తిట్లు వెతికి తీశారు. "సచ్చినోడా! నీ కాళ్లు పడిపోనూ! ఇంకోటి కొట్టరా నాయినా!" అని నరసమ్మ జెర్సీ కొంగుతో కళ్లొత్తుకుంది. జెర్సీకి కొంగు లేదు, కానీ ఆ చేతికి ఒకటి దొరికినట్టే ఉంది. ఉప్పుటేరు వాళ్లు మాలో మాకు పడటం లేదనుకుని సంబరపడ్డారు. ఆ ఒక్క సాయంత్రం మా క్లబ్బుకి పదిహేను వందల రూపాయలు కలిసొచ్చాయి.

అలా తిట్ల మీద బతుకుతూ ఫైనల్‌కి చేరాం. ఎదుటి జట్టు ఉప్పుటేరే. ఇంకా పది రోజులుంది. అప్పుడు పైడిరాజుకి పెళ్లి కుదిరింది.

అమ్మాయి పేరు గంగాభవాని. ఊళ్లో ఆడిటర్ గారి ఆఫీసులో పద్దులు చూస్తుంది. రెండేళ్లుగా గ్రౌండుకి వస్తోంది, మూడో వరసలో కూర్చుంటుంది. చప్పట్లు నిషేధించాక కూడా వచ్చేది గానీ తిట్టేది కాదు. నోరు రాదట. శుభలేఖ మొదటిది నాకే ఇచ్చారు. నా ఖర్మ కాలి, రెండోది భానోజీరావు గారికిమ్మని చెప్పాను. పెద్దమనిషి, బాగుండదని.

ఆయన శుభలేఖ రెండుసార్లు చదివి అడిగారు. "ఈ కన్య వరుని ఎచట చూచినది?"

"మన గ్రౌండులోనేనండి," అన్నాడు పైడిరాజు సిగ్గుపడుతూ. "గోల్ కొడతా ఉంటే."

నోట్‌బుక్ తెరుచుకుంది.

భావరూపేణా ప్రయోజనము: వధువు, ఒకటి. ముప్పై వేలు. మా మొత్తం రెండు లక్షల ఎనిమిది వేలయింది. పరిమితి ఎనిమిది వేలు దాటాం. ఎనిమిదో సర్క్యులర్ ప్రకారం, పరిమితి దాటిన క్లబ్బు తనలో అత్యధిక వేతనం పొందే ఆటగాణ్ణి తక్షణం బదిలీ చేయాలి. ఎక్కడికి? పరిమితిలో అందరికన్నా ఎక్కువ ఖాళీ ఉన్న క్లబ్బుకి. ఆ క్లబ్బు కాదనరాదు, ఆటగాడు కాదనరాదు. పైడిరాజు ఖాతాలో నలభై ఒక్క వేలు తేలాయి. ఎక్కువ ఖాళీ ఉన్న క్లబ్బు ఏదో చెప్పనక్కర్లేదు.

ఆ సాయంత్రం పైడిరాజు గోడ దగ్గరికి వెళ్లి వాళ్ల నాన్న బంతి మచ్చకి వీపు ఆనించి కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. పక్కన కూర్చోవడం సేవ అవుతుందేమోనని కాస్త ఎడంగానే కూర్చున్నాను.

"పెళ్లి మానుకుంటే ఉండనిస్తారాండీ?" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. "విచారణ ఎల్లుండి. ఆ అమ్మాయిని కూడా తీసుకురా. తన రేటు విషయం కదా, తనూ వినాలి," అన్నాను.

లీగు ఆఫీసు ఎరువుల కొట్టు పైన ఉంది. విచారణ గదిలో యూరియా వాసన. బల్ల అవతల భానోజీరావు గారు, ఒక పక్క సత్తిరాజు, మరో పక్క మేం ముగ్గురం. సత్తిరాజు అప్పటికే పైడిరాజు కొలతలకి ఉప్పుటేరు జెర్సీ కుట్టించి తెచ్చి ఒళ్లో పెట్టుకున్నాడు.

గంగాభవాని లేచి నిలబడింది. ముందురోజు మా ఖర్చుల పుస్తకంతో పాటు నా దగ్గర అడిగి తీసుకెళ్లిన సర్క్యులర్లన్నీ దారంతో కుట్టిన కట్టగా చేతిలో ఉన్నాయి.

"అయ్యా, నాకు ముప్పై వేలు ఎలా కట్టారో తెలుసుకోవచ్చా?"

"వధువు విద్యార్హత, గృహకృత్య నైపుణ్యము, సౌశీల్యము, ఇత్యాదులను బట్టి."

"తరుగుదల ఎంత వేశారండి?"

"ఏటికి పది శాతము," అన్నారాయన. అడగదగిన ప్రశ్న అడిగినందుకు కాస్త ముచ్చటపడినట్టే కనిపించారు.

"అంటే పదేళ్లకి నేను పూర్తిగా అయిపోతాను. మంచిది. నా లెక్క నేను ఒప్పుకుంటున్నాను," అంది గంగాభవాని. పైడిరాజు కుర్చీలోంచి సగం లేచాడు. "మరి జూట్ మిల్లు క్లబ్బు లెక్కలో ఇంకో పద్దు ఉందండి. ఇతరములు, నలభై నాలుగు వేలు. వేతనాల్లో తమరే కలిపారు."

"అవును. ప్రతి ఖర్చును వేతనమే."

"వేతనమైతే ఎవరో ఒకరు తీసుకోవాలి కదండి. ఎవరి వేతనం?"

భానోజీరావు గారు నా వైపు చూశారు. నేను నా వేళ్ల వైపు చూశాను.

"పేరు లేని వేతనము ఘోరమైన అవకతవక," అన్నారాయన గొంతు పెంచి. "కార్యదర్శీ! ఆ వ్యక్తి ఎవరు? తక్షణమే వెల్లడింపుడు!"

గంగాభవాని తెమ్మన్న మా సన్మానాల రిజిస్టరు చంకలోంచి తీసి బల్ల మీద పెట్టాను. ఆ అమ్మాయి తెరిచి చదివింది. మొదటి తనిఖీ: శాలువా, గజమాల, జ్ఞాపిక, పళ్ల బుట్ట, సన్మానపత్రం, రానుపోను టాక్సీ, మొత్తం నాలుగు వేలు. రెండో తనిఖీ: అదే. అలా పదకొండో తనిఖీ దాకా చదివింది. ప్రతి దాని ఎదుటా అందుకున్నట్టు సంతకం ఉంది, ముత్యాల్లాంటి దస్తూరి. ఆయన దేన్నీ సంతకం లేకుండా అందుకోరు.

"తొమ్మిదో సర్క్యులర్ ప్రకారం క్లబ్బు నుంచి ప్రయోజనం పొందినవారు ఎవరైనా ఆటగాడే. నలభై నాలుగు వేలు నలభై ఒకటి కన్నా ఎక్కువ. కాబట్టి జూట్ మిల్లు క్లబ్బులో అత్యధిక వేతనం పొందే ఆటగాడు పైడిరాజు కాదండి, తమరు," అంది గంగాభవాని మెల్లగా. "ఇన్ని మ్యాచ్‌ల్లో తమరు ఒక్కసారీ మైదానంలోకి దిగలేదు. ఆ గైర్హాజరీ సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు బదిలీ."

సత్తిరాజు తన ఒళ్లో ఉన్న జెర్సీ వైపు, భానోజీరావు గారి బొజ్జ వైపు మార్చి మార్చి చూశాడు.

"నాకొద్దండి!" అని అరిచాడు.

"కాదనరాదు," అన్నారు భానోజీరావు గారు. ఎవరూ అనకముందే ఆయనే అనేశారు. ఎనిమిదో సర్క్యులర్ తీసి మొదటి నుంచి చివరి దాకా మూడుసార్లు చదివారు. తన సంతకం దగ్గర ఆగి కళ్లజోడు తుడుచుకున్నారు. ఆ నిమిషంలో ఆయన మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది. వేరే అధికారి అయితే సర్క్యులర్ చింపేసేవాడు. ఈయన కలం తీసి, తన బదిలీ ఉత్తర్వు మూడు ప్రతుల్లో తనే రాసి, కింద "చూచితిని. అమలు పరచవలెను" అని సంతకం పెట్టి, ఒక ప్రతి నాకిచ్చి, ఒకటి సత్తిరాజుకిచ్చి, మూడోది తన జేబులో పెట్టుకున్నారు.

"ఇంకొకటండి," అంది గంగాభవాని. "ఆరో సర్క్యులర్."

అది నేనూ మర్చిపోయాను. ఎక్కువ జీతం ఇచ్చి బెంచీ మీద కూర్చోబెట్టడం ధనదుర్వినియోగమని, ఏ క్లబ్బులోనైనా అత్యధిక వేతనం పొందే ఆటగాడు ప్రతి మ్యాచ్‌లో తొంభై నిమిషాలూ మైదానంలో ఉండి తీరాలని. ఉప్పుటేరులో మిగతా అందరి జీతం సున్నా.

ఫైనల్ రోజున మూడున్నరకే గ్రౌండు నిండిపోయింది. భానోజీరావు గారు నాలుగింటికి అయిదు నిమిషాల ముందు వచ్చారు. కాలేజీ రోజుల ఎన్.సి.సి. ఖాకీ నిక్కరు, మోకాళ్ల దాకా తెల్ల మేజోళ్లు, పైన పైడిరాజు కొలతలకి కుట్టిన ఉప్పుటేరు జెర్సీ. బొజ్జ దగ్గర ఊపిరి ఆడటం లేదు. జేబులో నోట్‌బుక్ మాత్రం ఉంది. వేతన క్రమంలో మొదటివాణ్ణి గనక ఒకటో నంబరు తనకే చెందాలన్నారు. గోల్‌కీపర్ విప్పనన్నాడు. సగం మ్యాచ్ దాకా ఆ వివాదం నడిచింది.

సత్తిరాజు మనుషులు ఆయన్ని వెనక తమ గోల్ దగ్గర ఒక మూల నిలబెట్టారు. మొదట్లో బంతి వస్తే పక్కకి తప్పుకుని దారిచ్చేవారు. ముప్పై మూడో నిమిషంలో ఒక బంతి దొర్లుకుంటూ వచ్చి సరిగ్గా ఆయన కాలి ముందు ఆగింది. చుట్టూ ఎవరూ లేరు. ఆయన అటూ ఇటూ చూసి, ఎవరి అనుమతీ దొరక్క, తన్నారు. అది ఎగిరి, వంపు తిరిగి, సగం గ్రౌండు దాటి, ఉప్పుటేరు ఫార్వర్డ్ కాళ్ల దగ్గర వాలింది. రెండు వేల మందీ "ఓహో" అన్నారు. ఆయన తన కాలి వైపు చూసుకున్నారు. ఎవరో కొత్త మనిషి కాలిని చూసినట్టు చూసుకున్నారు. ఆ తర్వాత బంతి ఎటు వెళ్తే అటు పరిగెత్తడం మొదలుపెట్టారు. ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు.

ఎనభై ఆరో నిమిషం. రెండు పక్కలా గోల్ లేదు. పైడిరాజు ఎడమ పక్క నుంచి కొట్టిన బంతి పెనాల్టీ ఏరియాలో ఒకసారి నేల తగిలి ఎగిరింది. భానోజీరావు గారి ఛాతీ దాకా వచ్చింది. ఆయన రెండు చేతులా పట్టుకున్నారు. పట్టుకుని, తిప్పి, కళ్లజోడు సర్దుకుని దగ్గరగా చూశారు.

రిఫరీ ఈల వేశాడు.

"ముద్ర సక్రమముగా ఉన్నది, క్రమసంఖ్య ఉన్నది. ఆట కొనసాగించవచ్చును," అన్నారు భానోజీరావు గారు.

రిఫరీ పెనాల్టీ చుక్క చూపించాడు. సత్తిరాజు నెత్తి పట్టుకుని నేల మీద కూలబడ్డాడు.

పైడిరాజు బంతి చుక్క మీద పెట్టాడు. వాడి బూటు నోరు తెరుచుకునే ఉంది. జనం తిట్లు నాలుక చివర పెట్టుకుని కూర్చున్నారు. వాడు మూడడుగులు వెనక్కి వేసి, గోడ మీది మచ్చ వైపు ఒకసారి చూసి, కొట్టాడు.

గోల్!

ఇంక చూడాలి. "దౌర్భాగ్యుడా! నీ మొహం మండా! నీ దుంప తెగా!" అని రెండు వేల గొంతులు వాడి మీద అభిషేకం చేశాయి. వాటన్నిటి మధ్య మూడో వరసలోంచి ఒక సన్నని గొంతు, ఎప్పుడూ తిట్టనిది, వణుకుతూ లేచింది.

"వెధవా!"

అంతే, పైడిరాజు మొహం చేటంతయింది. ముప్పై వేల వేతనంలోంచి రూపాయిన్నర తగ్గింది.

ఆ గోలలో ఎక్కడి నుంచో చప్పట్లు వినిపించాయి. నేను హడలిపోయి ఎవడా అని వెతికాను. గోల్‌స్తంభం పక్కన, చెమటతో తడిసి, ఒక మేజోడు జారిపోయి, భానోజీరావు గారు చప్పట్లు కొడుతున్నారు. తన జట్టు ఓడిపోయిందన్న ధ్యాసే లేదు. కొడుతూ కొడుతూ గుర్తొచ్చి ఆగారు. జేబులోంచి నోట్‌బుక్ తీసి ఏదో రాసుకున్నారు. ఆట ముగిశాక దాన్ని అక్కడే మర్చిపోతే నేను తీసి చూశాను. "చప్పట్లు: ఒకరు. విలువ: నిర్ణయింపలేకపోతిని."

ఆ మనిషి ఇక మారిపోయాడనుకున్నాను. నేనేదో సన్మానపత్రాలు రాసుకునేవాణ్ణి, అంతకన్నా తెలివి నాకెక్కడిది? సోమవారం పదమూడో సర్క్యులర్ వచ్చింది. "శాలువా, పూలమాల, జ్ఞాపిక, సన్మానపత్రము మున్నగునవి గౌరవసూచకములే గాని ప్రయోజనములు కావు. అవి వేతన పరిధిలోనికి రావు." లీగు పెద్దలందరూ కలిసి ఆయన చేత పెట్టించారట. ఒక్కొక్కరి ఇంట్లో బీరువాడు శాలువాలున్నాయి మరి. ఇడ్లీలు, చప్పట్లు, వధువులు మాత్రం యథాతథం.

సర్క్యులర్ తీసుకెళ్లి గంగాభవానికి చూపించాను. చదివి నవ్వింది.

ఈ సీజన్‌లో మా క్లబ్బు ఎవరికీ జీతం ఇవ్వడం లేదు. మ్యాచ్ అవగానే పద్దెనిమిది మందికీ వరసగా సన్మానం చేస్తున్నాం. నూట యాభై రూపాయల శాలువా, మనిషికొకటి. ఆ శాలువా పట్టుకెళ్లి ఇస్తే నరసమ్మ ఇరవై అయిదు ఇడ్లీలు పెడుతుంది. ఆటగాడు తన శాలువాతో తను కొనుక్కున్న ఇడ్లీలు కదా, క్లబ్బుకి సంబంధం లేదు. నరసమ్మ ఆ శాలువాలు బియ్యం కొట్టుకి ఇస్తుంది, బియ్యం కొట్టాయన బట్టల కొట్టుకి, బట్టల కొట్టాయన మళ్లీ మాకు. పైడిరాజు పెళ్లికి మూడు వందల శాలువాలు వచ్చాయి. వాడు వాటితో కొత్త బూట్లు కొనుక్కుని, మిగిలినవాటితో ఇంటికి పెంకు వేయించుకున్నాడు. గంగాభవాని పెళ్లి కుదిరిన సీజను పద్దులోనే చేరిపోయింది కాబట్టి, ఈసారి మా జీతాల పద్దు సున్నా. భానోజీరావు గారు దాని మీద ఎర్ర సిరాతో "ఆదర్శప్రాయము" అని రాశారు.

మొన్న ఆదివారం ఉదయం ఆయన పన్నెండో తనిఖీకి వచ్చారు. చంకలో ఒక గుడ్డ సంచి ఉంది. పద్దులు చూశారు, మెచ్చుకున్నారు. అలవాటు కొద్దీ నేను శాలువా విప్పి ముందుకు వెళ్లాను.

"వద్దు," అన్నారు చెయ్యి అడ్డంపెట్టి. "అది ప్రయోజనము కిందికి రాదు."

నాకు అర్థం కాలేదు. ఆయన గోడ వైపు చూస్తూ, గొంతు బాగా తగ్గించి అడిగారు.

"ఇడ్లీలు ఉన్నవా?"

ఆ ఉదయం పాత్రలో ఉన్నవన్నీ ఆటగాళ్లు శాలువాలిచ్చి కొనుక్కున్నవే. క్లబ్బు డబ్బుతో రెండిడ్లీలు కొని పెట్టాను. నరసమ్మ చట్నీ వేసింది. ఆయన నిలబడే తిన్నారు, చెయ్యి కడుక్కున్నారు, రసీదు తనే రాసి సంతకం పెట్టారు. పన్నెండు రూపాయలు. మిగతా అందరిదీ సున్నా. ఇప్పుడు మా క్లబ్బులో అత్యధిక వేతనం పొందే ఆటగాడు ఆయనే.

సంచిలోంచి ఖాకీ నిక్కరు తీసి దులిపారు.

"మ్యాచ్ ఎన్ని గంటలకు?"